క్యాన్సర్ కణితికి జన్యు పరీక్ష చేయించడం, రిపోర్టు చదువుకోవడం ఎలా?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలిన వారం పది రోజుల్లోనే "జీన్ టెస్టుకు పంపాలి, ఇక్కడ సంతకం పెట్టండి" అంటూ ఒక కాగితం చేతికి వస్తుంది. తిరుపతిలో స్విమ్స్‌కు వెళ్లినా, 2022లో మొదలై అందరూ టాటా క్యాన్సర్ ఆసుపత్రి అని పిలుచుకుంటున్న చోటికి వెళ్లినా, చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న రాయవేలూరు సీఎంసీకి వెళ్లినా, ఈ పరీక్షల ప్రస్తావన ఇప్పుడు మామూలైపోయింది. రిపోర్టు వచ్చాక అందులో ఉన్న అంకెలను చూసి కొందరు ఆశ వదిలేసుకుంటారు, కొందరు అనవసరంగా ధైర్యపడతారు. మా కుటుంబంలో నాలుగేళ్లుగా ఈ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నవాడిగా, జీవశాస్త్రం పాఠం చెప్పిన అనుభవం ఉన్నవాడిగా, ఈ పనిని ఏ వరుసలో చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. వైద్య నిర్ణయం మీ డాక్టరుదే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏమడగాలో మీకు తెలిసి ఉండాలన్నదే నా తాపత్రయం.

పరీక్షకు ముందే అడగవలసిన మాట

సంతకం పెట్టే ముందు డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ఫలితం ఒకలా వస్తే ఏ వైద్యం చేస్తారు, మరోలా వస్తే ఏం మారుస్తారు?" దీనికి స్పష్టమైన జవాబు వస్తే పరీక్ష అవసరమైనదని అర్థం. ఎలా వచ్చినా వైద్యం అదేనన్న జవాబు వస్తే, దానికి పెట్టే డబ్బు మందులకో, పోషకాహారానికో, ప్రయాణాలకో దాచుకోవచ్చు. నా మటుకు నేను ఈ ప్రశ్నను మిగతా అన్నిటికన్నా పైన పెడతాను.

ఈ ప్రశ్న వెనక ఒక తేడా ఉంది. జన్యు మార్కర్లు, అంటే కణితిలో పరీక్షించి చూసే గుర్తులు, రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. మొదటి రకం, జబ్బు తనంతట తాను ఎలా నడుస్తుందో చెబుతుంది: తిరగబెట్టే అవకాశం ఎక్కువా తక్కువా, నెమ్మదిగా పెరిగేదా తొందరపడేదా అన్నది. దీన్ని డాక్టర్లు ప్రోగ్నోస్టిక్ మార్కర్ అంటారు. రెండవ రకం, ఫలానా మందు ఈ కణితి మీద పనిచేస్తుందా లేదా అని చెబుతుంది. దాన్ని ప్రిడిక్టివ్ మార్కర్ అంటారు. కొన్ని మార్కర్లు రెండూ చెబుతాయి, అక్కడే చదివేవాళ్లు తడబడతారు.

రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 సంగతే చూడండి. ఈ జన్యువు కణితిలో ఎక్కువ ప్రతులుగా పెరిగిపోయిన స్త్రీలకు జబ్బు త్వరగా తిరగబెడుతోందని 1987లో అమెరికా పరిశోధకుడు డెన్నిస్ స్లామన్ బృందం ప్రకటించింది. అప్పటికి అది చెడు వార్త మాత్రమే. 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి దొరికింది, అది ఆ హెర్2నే పట్టుకుని పనిచేసే మందు. ఆ తరువాత హెర్2 పాజిటివ్ అన్న మాటకు అర్థమే మారిపోయింది, ఎందుకంటే ఆ మార్కర్ ఉన్నవాళ్లకే ఆ మందు పనికొస్తుంది. కాబట్టి పాత పుస్తకంలోనో, ఫోనులో ఎవరో పంపిన సందేశంలోనో "హెర్2 ఉంటే ప్రమాదం" అని చదివి కుంగిపోయే ముందు, ఆ మాట ఏ కాలానిదో, ఏ మందు రాకముందు రాసిందో చూసుకోండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనంలో తూర్పు ఆసియా దేశాలకు చెందిన 1,217 మందికి కొందరికి జెఫిటినిబ్ మాత్రలు, మరికొందరికి కీమో ఇచ్చి చూశారు. కణితిలో ఈజీఎఫ్‌ఆర్ జన్యు మార్పు ఉన్నవాళ్లకు మాత్రలతో జబ్బు ఎక్కువ కాలం అదుపులో ఉంది. ఆ మార్పు లేనివాళ్లకు అవే మాత్రలు కీమో కన్నా చాలా తక్కువ మేలు చేశాయి. మందు ఒకటే, మార్కర్‌ను బట్టి ఒకరికి మేలు, మరొకరికి పోగొట్టుకున్న సమయం. అందుకే అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన దశలో ఉంటే, వీలైనంత వరకు ఈ ఫలితం చేతికి వచ్చాకే మందు మొదలుపెట్టాలని చూస్తారు.

ఏ క్యాన్సర్‌కు ఏది చూస్తారు

ఇక్కడ వివరంగా వెళ్లను, మీ డాక్టరు రాసిన కాగితంలో పేరు గుర్తుపట్టడానికి చాలినంత చెబుతాను. రొమ్ముకు ఈఆర్, పీఆర్ (హార్మోన్లను అందుకునే గ్రాహకాలు), హెర్2 తప్పనిసరి. ఊపిరితిత్తులకు ఈజీఎఫ్‌ఆర్, ఆల్క్, రాస్1 ముఖ్యమైనవి. పెద్దపేగుకు కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్, ఎంఎస్‌ఐ (డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దుకునే శక్తి పోయిందని చెప్పే గుర్తు) చూస్తారు: కేరాస్, ఎన్‌రాస్ జన్యువుల్లో మార్పు ఉంటే సెటుక్సిమాబ్ వంటి మందులు పనిచేయవు, బీరాఫ్ వీ600ఈ మార్పు ఉంటే ముదిరిన జబ్బు మొండిగా నడుస్తుందని అంచనా వేస్తారు, ఎంఎస్‌ఐ ఎక్కువగా ఉన్న రెండవ దశ కణితి మాత్రం సాధారణంగా మెరుగ్గా నడుస్తుంది. గ్లయోమా అనే మెదడు కణితికి ఐడీహెచ్, ఎంజీఎంటీ చూస్తారు. దీర్ఘకాలిక మైలాయిడ్ రక్త క్యాన్సర్‌కు బీసీఆర్-ఏబీఎల్ (ఆ జబ్బును నడిపే, రెండు జన్యువులు అతుక్కుని ఏర్పడినది) ఒక్కసారి చూసి ఊరుకోరు, నెలల తరబడి కొలుస్తూనే ఉంటారు. మందు మొదలుపెట్టాక 3 నెలలకు 10 శాతానికి, 12 నెలలకు 0.1 శాతానికి దిగితే వైద్యం సరైన దారిలో ఉన్నట్టు. ఈ పరీక్షను ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే అంకెను పోల్చడం కష్టమవుతుంది.

కణితి ముక్కను కాపాడుకోవడం

రిపోర్టు ఎంత గొప్ప యంత్రంలో తయారైనా, దానికి ఆధారం బయాప్సీలో తీసిన చిన్న ముక్క. దాన్ని పాడుచేసుకుంటే తరువాత ఎంత డబ్బు పెట్టినా లాభం లేదు. చాలా చోట్ల ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరే డబ్బా మీ చేతికిచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మంటారు. అప్పుడు మూడు సంగతులు చూసుకోండి: డబ్బా మీద (మూత మీద మాత్రమే రాసి ఉంటే చాలదు) రోగి పేరు, నంబరు, ముక్క తీసిన చోటు, సమయం రాసి ఉన్నాయా, ముక్క పూర్తిగా మునిగేలా ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా నిలిపే ద్రవం) ఉందా, అది నిజంగా ఫార్మలినేనా. ముక్క పరిమాణానికి పదింతలు ద్రవం ఉండాలి. రొమ్ము కణితి విషయంలో ముక్క శరీరం నుంచి బయటికి వచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలని, 6 గంటలకు తగ్గకుండా 72 గంటలకు మించకుండా అందులో ఉండాలని నియమం. శనివారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం దాకా టీ తాగే గదిలోని బీరువాలో ఉండిపోకుండా, ఎప్పుడు ప్రాసెసింగ్‌కు పెడతారో మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

ఎముక ముక్క అయితే మరొక జాగ్రత్త. పుంగనూరులో ఉండే మా పెద్దమ్మకు, జన్మలో పొగ తాగని మనిషికి, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చి తుంటి ఎముకకు పాకింది. ఒక ఆసుపత్రిలో తుంటి దగ్గర నుంచే బయాప్సీ తీశారు. ఎముకను కోయడానికి వీలుగా మెత్తబరచాలి కదా, అందుకు ఘాటైన ఆమ్లంలో నానబెట్టారు. ఆ ఆమ్లం డీఎన్‌ఏను ముక్కలు ముక్కలు చేస్తుందని మాలో ఎవరికీ తెలియదు, పైగా జన్యు పరీక్షకు పంపుతారన్న మాట ఆ కాగితం మీద ఎవరూ రాయలేదు. పద్దెనిమిది రోజుల తరువాత "డీఎన్‌ఏ నాణ్యత చాలనందున పరీక్ష చేయలేకపోయాము" అని ఒక వాక్యం వచ్చింది. మళ్లీ మెడ దగ్గరి గ్రంథి నుంచి సూదితో ముక్క తీయించి పంపితే, అందులో ఈజీఎఫ్‌ఆర్ 19వ ఎక్సాన్ (ఆ జన్యువులో ఒక భాగం) మార్పు కనిపించింది. ఎముక ముక్కను ఈడీటీఏ అనే ద్రవంతో మెత్తబరిస్తే డీఎన్‌ఏ చాలావరకు నిలుస్తుంది. కాబట్టి ఎముక బయాప్సీ అన్నప్పుడు "ఇది జీన్ టెస్టుకు కూడా వెళ్తుంది, దయచేసి ఈడీటీఏ వాడండి" అని డాక్టరు చేత కాగితం మీదే రాయించండి.

ముక్కను మైనంలో పోతపోసి బ్లాక్ తయారుచేస్తారు. మా పెద్దమ్మ రెండవ బ్లాకును నేను చేతిలో పట్టుకుని చూశాను: అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని మీద తెల్లని మైనం, మైనం నడుమ చింతపండు పీచు ముక్కంత సన్నగా, లేత గోధుమ రంగులో ఒక గీత. అదే కణితి. చట్రం ఏటవాలు అంచు మీద పెన్సిల్‌తో నంబరు రాసి ఉంది. ప్రతి పరీక్షకూ ఆ గీత నుంచే పలుచని పొరలు కోస్తారు, కోసేకొద్దీ అది తరిగిపోతుంది. అందుకే అవసరంలేని పరీక్షలకు దాన్ని ఖర్చు చేయనివ్వవద్దు. ఈజీఎఫ్‌ఆర్, ఆల్క్, రాస్1 విడివిడిగా చేయించడమా, అన్నీ కలిపి ఎన్‌జీఎస్ (అనేక జన్యువులను కలిపి చదివే) పరీక్ష ఒకేసారి చేయించడమా అన్నది ముక్క ఎంత మిగిలిందో చూసి నిర్ణయించమని అడగండి.

వేరే ఊరికి వెళ్తుంటే ఆసుపత్రి పాథాలజీ విభాగంలో దరఖాస్తు రాసి బ్లాకును, స్లైడ్లను తీసుకోవచ్చు. మైనం సుమారు 55 నుంచి 60 డిగ్రీల వేడికి కరుగుతుంది. మే నెలలో రేణిగుంట ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో, ముందు అద్దం కింద పెట్టిన వస్తువు ఆ వేడికి సులభంగా చేరుతుంది. బ్లాకును బట్టసంచిలో చుట్టి మీ ఒంటి దగ్గరే ఉంచుకోండి, ఫ్రీజర్‌లో పెట్టనక్కర్లేదు. ఏళ్ల కిందటి బ్లాక్ ఉన్నా, జబ్బు తిరగబెట్టినప్పుడు కొత్త ముక్క తీయించడం మేలు, ఎందుకంటే తిరగబెట్టిన చోట ఈఆర్, హెర్2 వంటివి మారి ఉండవచ్చు. ముక్క తీయడం వీలుకానప్పుడు రక్తం నుంచి చేసే పరీక్ష ఉంది. అందులో మార్పు కనిపిస్తే నమ్మవచ్చు. కనిపించకపోతే మాత్రం కణితిలో లేదని తీర్మానించకూడదు, రక్తంలోకి చాలినంత డీఎన్‌ఏ వచ్చి ఉండకపోవచ్చు.

డబ్బు గురించి ఒక మాట. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు, పరీక్షకు సొంతంగా చెల్లించే ముందే ఆసుపత్రిలోని పథకం కౌంటరులో ఆ పరీక్ష పేరు చూపించి అది ప్యాకేజీలో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. చెల్లించాక అడిగితే తిరిగి రాబట్టుకోవడం కష్టం. ప్రైవేటు ల్యాబుకు పంపుతుంటే ల్యాబుల నాణ్యతను చూసే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఆ ల్యాబుకు ఉందా అని చూడటంతో ఆగకుండా, మీరు చేయించే పరీక్షకు ఆ గుర్తింపు వర్తిస్తుందా అని కూడా చూడండి.

రిపోర్టును ఏ వరుసలో చదవాలి

మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్న ఫలితానికి ముందు, కింద చిన్న అక్షరాలతో ఉన్న నమూనా వివరాలు చదవండి. పేరు, వయసు, బ్లాక్ నంబరు మీ దగ్గరున్న బయాప్సీ రిపోర్టులోని నంబరుతో కలవాలి. ఆ తరువాత నమూనాలో కణితి కణాలు ఎంత శాతం ఉన్నాయో చూడండి. చాలా పరీక్షలకు కనీసం 20 శాతం దాకా ఉండాలని ల్యాబులు కోరతాయి. అంతకన్నా బాగా తక్కువ ఉండి "మార్పు కనిపించలేదు" అని రాస్తే, ఆ మాటకు బలం తక్కువ. "మార్పు కనిపించలేదు" అన్నదీ, "నమూనా చాలలేదు" అన్నదీ పూర్తిగా వేర్వేరు ఫలితాలు. రెండవదాన్ని నెగెటివ్ అని భావించి వైద్యం మొదలుపెట్టిన కుటుంబాలను నేను చూశాను.

హెర్2 రిపోర్టులో ఐహెచ్‌సీ (ముక్కకు రంగు వేసి హెర్2 ప్రోటీన్ ఎంతుందో చూసే పరీక్ష) 0, 1+, 2+, 3+ అని ఉంటుంది. 3+ అంటే పాజిటివ్. 2+ అంటే తేలలేదని అర్థం, అప్పుడు హెర్2 జన్యువు ప్రతులను లెక్కపెట్టే ఫిష్ అనే పరీక్ష చేయించాలి. 2+ దగ్గరే ఆగిపోయిన ఫైలు మీ చేతిలో ఉంటే, ఈ వారమే వెళ్లి ఫిష్ గురించి అడగండి.

ఎన్‌జీఎస్ రిపోర్టులో మార్పు పక్కన వీఏఎఫ్ అని ఒక శాతం ఉంటుంది. 18 శాతం అంటే, యంత్రం ఆ చోట చదివిన డీఎన్‌ఏ ప్రతుల్లో 100కి 18 ప్రతుల్లో ఆ మార్పు ఉందని అర్థం. జబ్బు 18 శాతం ఉందని గానీ, 18 శాతం నయమవుతుందని గానీ కాదు. మార్పుల పక్కన వాటి స్థాయి కూడా రాస్తారు. హాని చేసేది, బహుశా హాని చేసేది, అర్థం తేలనిది, బహుశా హాని చేయనిది, హాని చేయనిది అని అయిదు మెట్లు. నడిమి మెట్టును వీయూఎస్ అంటారు. పలమనేరు నుంచి మా తమ్ముడి వరసైన ఒకాయన ఫోను చేసి, "అన్నా, ఏదో మార్పు ఉందని రాసినారు, పిల్లలకి కూడా చేయించాల్నా?" అని అడిగాడు. చూస్తే అది వీయూఎస్. దాన్ని ఆధారం చేసుకుని ఆపరేషన్ గానీ, మందు గానీ, పిల్లల పరీక్ష గానీ నిర్ణయించకూడదు. ఏడాది రెండేళ్లకు ఒకసారి ల్యాబును అడిగితే, ఈలోగా కొత్త సమాచారం వచ్చి దాని స్థాయి మారిందేమో చెబుతారు.

అంకె ఎవరి గురించి మాట్లాడుతోంది

మాత్రలు మొదలైన రోజు సాయంత్రం మా పెద్దమ్మ గాజుగ్లాసులో మజ్జిగ పక్కన పెట్టి, "ఇంతకీ ఎన్నాళ్లంట నాయనా?" అని అడిగింది. డాక్టరు ఒక అంకె చెప్పాడు, దాన్ని మా పెదనాన్న గడువు అనుకున్నాడు. అది మీడియన్. పదకొండు మందిని వాళ్లు బతికిన కాలాన్ని బట్టి వరుసగా నిలబెడితే, ఆరవ మనిషి దగ్గర ఆగే అంకె అది. అయిదుగురు అంతకు ముందే వెళ్లిపోయారు, అయిదుగురు ఆ తరువాత కూడా ఉన్నారు, వాళ్లలో కొందరు చాలా ఏళ్లు ఉన్నారు. మా పెద్దమ్మ ఆ వరుసలో ఎక్కడ నిలబడుతుందో ఆ అంకెకు తెలియదు. అదే మాట చెప్పాను. "అట్లయితే ఈ ఏడు మామిడికాయ పెట్టుకోవచ్చులే" అంది.

డాక్టరు అంకె చెప్పినప్పుడు ఇలా అడగండి: "ఇది ఎలాంటి రోగులను చూసి తేల్చిన అంకె? మావాళ్ల వయసు, దశ, గుండె, కిడ్నీల పరిస్థితి వాళ్లలాంటిదేనా? ఇప్పుడిస్తున్న మందు అప్పుడు ఉందా?" జన్యు మార్కర్ ఎప్పుడూ ఒంటరిగా ఫలితాన్ని చెప్పదు. కణితి పరిమాణం, గ్రంథులకు పాకిందా అన్నది, రోగి లేచి తిరగగలిగే శక్తి, ఇవన్నీ కలిసే అంచనా తయారవుతుంది.

శాతాల్లో మరో చిక్కు ఉంది. "ఈ వైద్యం ముప్పును సగానికి తగ్గిస్తుంది" అంటే, ఎంతలో సగం అని అడగాలి. 100 మందిలో 40 మందికి తిరగబెట్టేది 20కి దిగినా సగమే, 4 మందికి తిరగబెట్టేది 2కి దిగినా సగమే. మొదటి సందర్భంలో ఎవరైనా కీమో భరిస్తారు. రెండవదానిలో ఆలోచించుకోవాలి.

దీనికి గట్టి ఉదాహరణ రొమ్ము క్యాన్సర్‌లో 21 జన్యువుల పరీక్ష, ఆంకోటైప్ డీఎక్స్. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ కణితులకు ఇది 0 నుంచి 100 వరకు ఒక స్కోరు ఇస్తుంది, స్కోరు పెరిగేకొద్దీ తిరగబెట్టే ముప్పు ఎక్కువ. 2018లో వెలువడిన టైలరెక్స్ అధ్యయనంలో, చంకలోని గ్రంథులకు పాకని జబ్బు ఉన్న 10 వేల మందికి పైగా స్త్రీలు చేరారు. స్కోరు 11 నుంచి 25 మధ్య ఉన్నవాళ్లలో హార్మోన్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లు 100కి 83.3 మంది, కీమో కూడా తీసుకున్నవాళ్లు 84.3 మంది తొమ్మిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా, మరో క్యాన్సర్ రాకుండా బతికి ఉన్నారు. అంటే ఆ స్కోరు ఉన్న చాలామందికి కీమో అవసరం లేకపోయింది. అయితే 50 ఏళ్లు, అంతకు లోపు వయసున్నవాళ్లలో స్కోరు 16 నుంచి 25 ఉంటే కీమో వల్ల కొంత మేలు కనిపించింది. ఒకే స్కోరు అమ్మకు ఒకలా, కూతురికి మరొకలా అర్థమవుతుందన్నమాట. ఈ పరీక్షకు బ్లాక్ అమెరికా వెళ్లాలి, ఖర్చు పెద్దది. హెర్2 పాజిటివ్ అయినా, ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్) అయినా ఈ పరీక్ష వర్తించదు, ఎవరైనా సూచిస్తే కారణం అడగండి.

రక్తసంబంధీకుల విషయం

కణితిలో కనిపించే మార్పుల్లో చాలావరకు ఆ కణితిలోనే పుట్టినవి, పిల్లలకు రావు. కొన్ని మాత్రం పుట్టుకతో వచ్చినవి, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 వాటిలో ముఖ్యమైనవి. అది తేల్చడానికి రక్తంతో గానీ లాలాజలంతో గానీ వేరే పరీక్ష చేయాలి. పుట్టుకతో వచ్చిన మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం, కొడుకైనా కూతురైనా. బీఆర్‌సీఏ మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేసరికి 100కి సుమారు 70 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. కాబట్టి ముందే తెలిస్తే కాపాడుకునే దారులున్నాయి.

ఈ పరీక్ష గురించి జన్యు కౌన్సెలింగ్‌కు వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని వంశవృక్షం గీయండి. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాయండి. మన జిల్లాల్లో మేనరికాలు ఎక్కువ. మేనమామను చేసుకున్న ఇంట్లో తల్లికి అమ్మమ్మ అయిన ఆవిడే పిల్లలకు నాన్నమ్మ అవుతుంది. అలాంటి పెళ్లిని రెండు గీతలతో కలపండి, డాక్టరు చూడగానే గ్రహిస్తారు. ఇది ఎందుకంటే, దగ్గరి సంబంధం చేసుకున్న భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే బీఆర్‌సీఏ2 మార్పు ఉండే అవకాశం పెరుగుతుంది, ఇద్దరి నుంచీ అది వచ్చిన బిడ్డకు ఫాంకోనీ అనీమియా అనే తీవ్రమైన రక్తజబ్బు రావచ్చు. రొమ్ము క్యాన్సర్ తల్లి వైపు నుంచే వస్తుందన్న నమ్మకంతో తండ్రి అక్కచెల్లెళ్ల వివరాలు వదిలేయకండి, ఈ మార్పు తండ్రి నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు బీఆర్‌సీఏ పరీక్ష సాధారణంగా చేయరు. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఫలితాన్ని ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆమె నిర్ణయించుకోవాలి, మేనత్తలు కాదు. పరీక్షకు ముందే ఈ మాట ఇంట్లో తేల్చుకోండి.

చివరిగా ఫైలు. బయాప్సీ రిపోర్టు, ఐహెచ్‌సీ, జన్యు రిపోర్టు, స్కాన్లు తేదీల వరుసలో పెట్టి, అట్ట లోపలి వైపు బ్లాక్ నంబరు, ఆ బ్లాక్ ఇప్పుడు ఏ ఊళ్లో ఏ ల్యాబులో ఉందో, ఎప్పుడు ఇచ్చారో పెన్నుతో రాయండి. రిపోర్టును ఫోనులో ఫొటోలు తీసి ఉంచుకున్నా, పీడీఎఫ్ కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకోండి, ఫొటోల్లో కింది చిన్న అక్షరాలు చాలాసార్లు కనబడవు.